మెట్లెక్కిన బస్సు టైరు

ఆదివారం ఉదయానికి టైర్ల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. అయిదింటికి లేవాలి, చప్పుడు కాకుండా తలుపు తీయాలి, పరుగు ముగించుకుని ఆరున్నరకల్లా ఇంట్లో పడాలి, భార్య కళ్ళు తెరిచేసరికి టీ కప్పు పట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడాలి. పది రోజులుగా ఈ పథకం ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు.

పరుగెత్తడంలో దాపరికం లేదు. దాపరికమంతా బూట్ల దగ్గరే. ఆ పరుగు బూట్లు కొని నాలుగున్నరేళ్ళయింది. భార్య లెక్కల టీచరు. ఒకరోజు ఆయన మోకాలు పట్టుకుని మూలుగుతుంటే ఆవిడ అక్కడికక్కడే లెక్క తేల్చేసింది.

"రోజుకి అయిదు కిలోమీటర్లు. మానేసిన రోజులు తీసేసినా ఏడు వేలు దాటింది. షాపులో ఏమన్నారు? ఎనిమిది వందలకి మార్చమన్నారు. ఇంక వాటిని పారేయండి."

"ఏడు వేలేనా? ఆ వయసులో టైరుకి పాలపళ్ళు కూడా ఊడవు," అన్నాడాయన.

బస్సు డిపోలో ఇరవై రెండేళ్ళుగా టైర్లు చూస్తున్న మనిషి మరి. గాడి లోతు కొలిచే గేజి ఒకటి, సుద్దముక్క ఒకటి ఎప్పుడూ ఆయన జేబులో ఉంటాయి. అరిగిందని తేలితే చాలు, టైరు మీద పెద్ద ఇంటూ మార్కు గీసి తుక్కులో వేయిస్తాడు. ఇంకో నెల లాగుతుందని డ్రైవర్లు ఎంత బతిమాలినా కరగడు. సొంత బూట్ల సంగతి వచ్చేసరికి మాత్రం ఆ గుండె వెన్నలా కరిగిపోతుంది.

భార్య పోరు పడలేక "పారేశాను, ఇంక చెప్పులతో నడుస్తానులే" అన్నాడు గానీ, నిజానికి వాటిని డిపోకి మోసుకెళ్ళాడు. అరిగిన టైర్లకి పైన కొత్త రబ్బరు తొడుగు వేసే మేస్త్రీ ఒకడు అక్కడున్నాడు. బూట్ల అడుగు భాగం మొత్తం చెక్కేసి, తుక్కులో దొరికిన మంచి టైరు ముక్కలు రెండు కోసి, గట్టిగా అతికించి ఇచ్చాడు. పాదం ఆకారంలో కోసే ఓపిక లేక ఇటుకల్లా చదరంగా కోశాడు. ఒక్కో బూటూ పచ్చడి బండంత బరువైంది.

"మీరు పోయినా ఇవి పోవు సార్," అని మేస్త్రీ మనస్ఫూర్తిగా హామీ ఇచ్చాడు.

బూట్లు ఇంట్లో పెట్టే వీలు లేదు కాబట్టి డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనకాల, బోర్లించిన బకెట్టు కింద దాచాడు. రోజూ చెప్పులతో పైకెళ్ళి, బూట్లు తొడుక్కుని, మెట్ల మీదుగా దిగి పరుగుకి పోవడం. తిరిగొచ్చి డాబా దాకా ఎక్కి, వాటిని దాచి, చెప్పులతో మూడో అంతస్తులోని ఇంటికి రావడం. ఈ రహస్యం వాచ్‌మన్ ఒక్కడికే తెలుసు. "మా ఆవిడకి మాత్రం చెప్పకు," అని మొదటి రోజే మాట తీసుకున్నాడు. "నా నోటెంట రాదు సార్," అన్నాడతను.

బూట్లు బాగుచేయించాక మొదటి వాన ఆ శనివారం రాత్రే పడింది. పార్కు దారంతా బురద. పరుగు ముగించుకుని వచ్చిన ఇన్‌స్పెక్టరు తెల్లటి పలకలు పరిచిన మెట్ల మీదుగా హాయిగా డాబాకెక్కి, కిందికి వచ్చి, టీ పెట్టి భార్య చేతికిచ్చాడు. వెనక్కి తిరిగి ఒక్కసారైనా చూసుకోలేదు.

ఎనిమిదిన్నరకి తలుపు దబదబా మోగింది. ఎదురుగా అపార్ట్‌మెంటు సెక్రటరీ. వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు, ప్రవృత్తిరీత్యా డిటెక్టివు.

"మీరు అర్జంటుగా రావాలండీ! మన మెట్ల మీద ఎవడో బండి నడిపాడు!"

"మెట్ల మీద బండేమిటండీ?"

"టైరు గుర్తులండీ బాబూ, టైరు గుర్తులు! మీకంటే తెలిసినవాళ్ళెవరున్నారు చెప్పండి?"

ఆ ఒక్క మాటతో ఆయన పొంగిపోయాడు. గేజి అందుకుని బయటికి నడిచాడు. తమాషా చూద్దామని భార్య కూడా వెంట వచ్చింది. మెట్ల మీద అప్పటికే సగం అపార్ట్‌మెంటు పోగై ఉంది. ఒక్కో మెట్టు మీదా ఒక్కో చదరపు బురద ముద్ర స్పష్టంగా కనిపిస్తోంది.

"చూశారా? ఒక మెట్టు మీద ఎడమ పక్క, తర్వాతి మెట్టు మీద కుడి పక్క," అన్నాడు సెక్రటరీ. "వంకర టింకరగా పోయాడు. తాగి నడిపాడు."

"నేను విన్నాను నాయనా," అంది రెండో అంతస్తు మామ్మగారు. "తెల్లారగట్ల దబ్బు దబ్బుమని ఒకటే చప్పుడు. ఇల్లంతా అదిరింది."

ఇన్‌స్పెక్టరు మోకాలు పట్టుకుని, మెల్లగా ముద్ర దగ్గర కూర్చున్నాడు. ముద్రలోని గాడి గీతలు లెక్కపెట్టాడు. గేజితో వెడల్పు కొలిచాడు. అందరూ మెడలు సాచి చూస్తుంటే, ఇరవై రెండేళ్ళ అనుభవం ఆయన నోట గర్వంగా పలికింది.

"ఇది స్కూటరు కాదు, కారూ కాదు. బస్సు వెనక టైరు."

నిలబడ్డవాళ్ళంతా గోడ పక్కకి జరిగారు.

"మూడో అంతస్తు మీదుగా బస్సు వెళ్ళిందా?" అని భార్య నెమ్మదిగా అడిగింది.

అప్పుడు వెలిగింది ఆయనకి. నోరు జారిన మాటని వెనక్కి లాక్కోవడానికి నానా తంటాలూ పడ్డాడు. "అంటే... బస్సని కాదు... బస్సు లాంటిది... బొమ్మ బస్సు కూడా కావచ్చు..." అన్నాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు. సెక్రటరీ ఇంకో సంగతి కనిపెట్టాడు.

"పైకి పోనుపోను మట్టి పలచబడింది. అంటే ఎక్కింది. దిగిన గుర్తులు లేవు. బండి ఇంకా డాబా మీదే ఉంది! పదండి!"

అందరూ బిలబిలమంటూ డాబాకెక్కారు. మోకాలు నొప్పి సంగతి మరిచిపోయి ఇన్‌స్పెక్టరు అందరికంటే ముందు పరుగెత్తాడు. ట్యాంకు వెనక్కి దూరి, బకెట్టు మీద చతికిలబడి, ఆయాసంతో రొప్పసాగాడు. మిగతావాళ్ళు డాబా నాలుగు మూలలూ గాలించారు. ఒకాయన ట్యాంకు మూత తీసి లోపలికి కూడా తొంగిచూశాడు. బస్సు దొరకలేదు.

బస్సు దొరక్కపోయేసరికి సెక్రటరీ కోపం వాచ్‌మన్ మీదికి మళ్ళింది.

"ఇంత పెద్ద బండి గేటు దాటి వస్తుంటే నువ్వేం చేస్తున్నావ్? నిద్రపోతున్నావా?"

"లేదండి. మెలకువగానే ఉన్నా."

"అయితే బండిని చూశావా?"

"బండేదీ రాలేదండి."

"మరి ఎవరొచ్చారు?"

వాచ్‌మన్ ఒక్కసారి బకెట్టు వైపు చూసి తల దించుకున్నాడు.

"చూశారా? నిద్రపోయాడు! ఇవాళ్టితో నీ పని సరి. సాయంత్రానికి గది ఖాళీ చెయ్యి."

ఎనిమిదేళ్ళ ఉద్యోగం. దాంతో పాటే గేటు పక్కన గది, గది ముందు అతను పెంచుకున్న టమాటా మొక్కలు. ఒక్క మాట అంటే అన్నీ నిలబడతాయి. ఆ మాట మాత్రం అతను అనడం లేదు. ఇచ్చిన మాట అలాంటిది. బకెట్టు మీద కూర్చున్న పెద్దమనిషికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. భార్య ముందు అబద్ధం బయటపడుతుందన్న భయం ఒక పక్క, ఆ దించుకున్న తల ఒక పక్క. ఇన్నేళ్ళలో ఏ టైరు విషయంలోనూ ఇంత కష్టమైన నిర్ణయం ఆయన తీసుకోలేదు.

లేచి నిలబడ్డాడు.

"అతన్నేం అనకండి. ఆ బండి నేనే."

బకెట్టు ఎత్తాడు. బురద కారుతున్న రెండు బూట్లు లోకానికి దర్శనమిచ్చాయి. మామ్మగారు ముక్కున వేలేసుకుంది. సెక్రటరీ ఒక బూటు ఎత్తబోయి, ఒంటిచేత్తో కాక రెండో చెయ్యి కూడా వేశాడు.

"నువ్వు ఈయన్ని చూశావా?" అని వాచ్‌మన్‌ని గద్దించాడు.

"రోజూ చూస్తున్నానండి. అయిదుంపావుకి దిగుతారు, ఆరుంపావుకి ఎక్కుతారు."

"మరి చెప్పవేం?"

"మీరు బండిని చూశావా అనడిగారు. సారు బండి కాదు కదండీ."

డాబా అంతా నవ్వులతో మారుమోగింది. రోజూ టైముతో సహా చెప్పగలిగినవాడు నిద్రపోయాడనడం ఇంక కుదరదు. సెక్రటరీ గొంతు సవరించుకుని, టమాటా మొక్కలు బాగా కాస్తున్నాయా అని వాచ్‌మన్‌ని అడిగాడు.

భార్య మాత్రం నవ్వలేదు. బూట్లు తెచ్చి భర్త ముందు పెట్టింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇవి డిపోకొచ్చిన టైర్లనుకోండి. చూసి చెప్పండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, మొదటిసారి వాటిని తన కళ్ళతో కాక ఇన్‌స్పెక్టరు కళ్ళతో చూశాడు. బొటనవేలితో లోపల నొక్కాడు. మెత్తటి భాగం ఎప్పుడో చచ్చి రాయిలా ఉంది. మడమ లోపలి వైపుకి ఒరిగిపోయింది. పక్కన కుట్లు నోరు తెరిచాయి.

"పైన రబ్బరు కొత్తదే," అన్నాడు గొంతు తగ్గించి. "లోపల ఒళ్ళు పోయింది. ఒళ్ళు పోయినదానికి తొడుగు వేయకూడదు."

"మీకు మోకాలు నొప్పి ఎప్పట్నుంచి?"

"ఏడాదిన్నర."

"ఇలాంటి టైరుతో బస్సుని రోడ్డు మీదికి పంపినవాణ్ణి మీరేం చేస్తారు?"

"సస్పెండు చేయమని రాస్తాను."

జేబులోంచి సుద్దముక్క తీశాడు. రెండు బూట్ల మీదా చక్కగా ఇంటూ మార్కులు గీశాడు. ఆవిడకి అప్పుడొచ్చింది నవ్వు. అంతమంది ముందూ ఆయన భుజం పట్టుకుని పగలబడి నవ్వింది. ఆయనకీ నవ్వాగలేదు.

ఆ సాయంత్రమే కొత్త బూట్లు వచ్చాయి. మర్నాడు పొద్దున్న ఆయన దాక్కోకుండా గుమ్మంలోనే బూట్లు తొడుక్కుని బయటికి వెళ్ళాడు. రెండో కిలోమీటరులో మోకాలు గుర్తొచ్చింది. నొప్పి పుట్టినందుకు కాదు, పుట్టనందుకు. ఆ ఆనందంలో రోజుకంటే ఒక చుట్టు ఎక్కువ తిరిగి, చెమటతో తడిసి ముద్దయి, కూనిరాగం తీస్తూ వచ్చాడు.

గేటు దగ్గర నోటీసు బోర్డు మీద ఆదివారం నాటి డాబా సమావేశం నివేదిక అంటించి ఉంది. కింద సెక్రటరీ సంతకం. "మెట్ల మీద తిరుగుతున్న వాహనాన్ని గుర్తించి, యజమానురాలికి అప్పగించడమైనది."