చదవలేదు, కానీ అద్భుతం

మన వీధుల వార్తల సైటులో మా చిన్నమామగారి వ్యాసం వరుసగా నాలుగు రోజులు మొదటి స్థానంలో నిలిచిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ విజయంలో దొంగ ఖాతాలు లేవు, కొనుక్కున్న మెప్పు లేదు. అంతా నిజాయితీగానే జరిగింది. ఎంత నిజాయితీగా జరిగిందో నలుగురికీ తెలియాలనే ఈ నాలుగు మాటలు.

సైటు సంగతి మీకు తెలిసిందే. ఎవరైనా ఒక వార్తో వ్యాసమో పెట్టవచ్చు. నచ్చినవాళ్ళు పక్కనున్న పైబాణం నొక్కుతారు. బాణాలు పడ్డది పైకి పోతుంది, పడనిది అడుక్కి పోతుంది.

చిన్నమామగారు నీళ్ళ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గొట్టాల తనిఖీ చేసి రిటైరయ్యారు. రిటైరైనా చెవి గొట్టాల మీదే. రెండో వీధి బడి ముందు మంచినీళ్ళ గొట్టం, మురుగు గొట్టం ఒకదాని మీదుగా ఒకటి పోతాయనీ, అక్కడ అతుకు విడిపోయిందనీ, బడి కుళాయిలో వచ్చేది రెండూ కలిసిన నీళ్ళనీ ఆయన కనిపెట్టారు. మూడు వారాలు సీసాల్లో నీళ్ళు పట్టి పరీక్ష చేయించారు. ఆఫీసుకు అర్జీ పెడితే ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబొచ్చింది. నలుగురి కంటా పడితేనైనా కదులుతారని పది పేజీల వ్యాసం రాసి సైటులో పెట్టారు. అచ్చుతప్పులు నేను దిద్దాను. బడిలో రెండు వందల మంది పిల్లలు. జ్వరాలు అప్పటికే మొదలయ్యాయి.

రెండు రోజుల్లో రెండు బాణాలు పడ్డాయి. ఒకటి, ఎవరేం పెట్టినా సైటే వాళ్ళ పేరున వేసేది. నా రాతకు నేనే ఓటేసుకోవడమేమిటని ఆయన దాన్ని తీసేయించారు. రెండోది నాది. ఆ రోజు మొదటి స్థానంలో ఉన్నది, దిండు ఏ వాటంగా పెట్టుకుంటే మెడ పట్టదో వివరించే వ్యాసం.

మా మరిది వృత్తి ప్రచారం. అలాంటి మనిషి ఇంట్లో ఉండగా సొంత బాబాయి వ్యాసం అడుక్కి పోవడం అతనికి తలవంపులుగా తోచింది. నలభై ఖాతాలు తెరుస్తానన్నాడు. చిన్నమామగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

“అబద్ధమాడి జనాన్ని పోగేస్తే, రేపు గొట్టం సంగతీ అబద్ధమే అంటార్రా.”

“అయితే నిజమే చెబుదాం బాబాయ్. ఎవరి చుట్టమో చెప్పే నొక్కుతాం.”

“చదివి నొక్కండి.”

“అన్నీ ఒకేసారి కుదరవు బాబాయ్. ముందు జనాన్ని రానీ.”

ఆ విధంగా నిజాయితీ ప్రచార సంఘం ఏర్పడింది. సభ్యులు తమకు రచయితతో గల సంబంధాన్నీ, చదివినదీ లేనిదీ దాచకుండా ప్రకటించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మరిది మొదటి వ్యాఖ్య రాశాడు: ‘నేను రచయితకు అన్న కొడుకుని. వ్యాసం చదవలేదు. చాలా బాగుంది.’ మా తోడికోడలు మరింత నిక్కచ్చి మనిషి. ‘ఐదో వాక్యం దాకా చదివాను, పొయ్యి మీద పాలు పొంగాయి. మిగతాదీ ఇంతే గొప్పగా ఉంటుందని నమ్ముతున్నాను’ అని రాసింది. పక్కింటి పళ్ళ డాక్టరు, రచయిత తన పేషెంటనీ, ఆయన పళ్ళ గురించి తెలిసినంతగా వ్యాసం గురించి తెలియదనీ, అయినా నొక్కాననీ ప్రకటించాడు.

ఇంత నిష్కపటమైన సభ్యులను తామెన్నడూ చూడలేదని సైటు నిర్వాహకులు పరవశించిపోయారు. చదవలేదని ఒప్పుకున్నవారి పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు వేయసాగారు. ఆ గుర్తు మీద మోజుతో, చదవడం మొదలుపెట్టిన కొందరు మధ్యలోనే మానుకున్నారు. చదివినవారికి అప్పటికే ఒక అభిప్రాయం ఏర్పడి ఉంటుంది కనుక వారి ఓటు నిష్పక్షపాతం కాజాలదని ఎవరో అభ్యంతరం లేవదీశారు. సబబుగానే ఉందన్నారు అందరూ. నేను దిద్దిన మనిషిని కనుక నా బాణం రద్దయింది.

వ్యాసం మొదటి స్థానానికెక్కిన మూడో రోజున సాక్షాత్తూ నీళ్ళ ఆఫీసు ఇంజనీరు దర్శనమిచ్చాడు. ‘నేను సంబంధిత శాఖ అధికారిని. వ్యాసం చదవలేదు. ఇటువంటివి మరిన్ని రావాలి’ అన్న ఆయన వ్యాఖ్యకు వ్యాసం కంటే ఎక్కువ బాణాలు పడ్డాయి.

నాలుగో రోజు బడి హాలులో సన్మానం. పెద్ద పంతులమ్మగారు గొంతు సవరించుకుని, “ఇందులో ఏముందన్నది ప్రధానం కాదు. ఇందరు మెచ్చిన రచన మన బడి గురించి కావడం ప్రధానం” అని సెలవిచ్చారు. వ్యాసం పది పేజీలనూ ఒక్క పేజీకి కుదించి, అక్షరాలు చీమలంత చేసి, అద్దం బిగించి కుళాయి పైన తగిలించారు. పిల్లలు దానికింద వరుసగా నిలబడి నీళ్ళు తాగారు.

చిన్నమామగారికి మైకిచ్చారు. “పొగడ్తలు తర్వాత. ముందా కుళాయి కట్టేయించండి. పిల్లలు తాగుతున్నది మురుగు” అన్నారు.

హాలంతా చప్పట్లు. సన్మానం పూటా పని ధ్యాసేనని మరిది మురిసిపోయాడు.

మర్నాడు ఒకటో తరగతి పిల్లను ఆసుపత్రిలో చేర్చారు. ఆ కబురు వింటూనే చిన్నమామగారు బడికి వెళ్ళారు. వెనకే నేనూ వెళ్ళాను.

“మీ వ్యాసం చూశామండీ. స్టాఫంతా నొక్కాం” అన్నారు పంతులమ్మగారు.

“నొక్కింది చాలమ్మా. కుళాయి కట్టేయండి.”

“అది మా చేతుల్లో లేదండీ. ఆఫీసునుంచి కాగితం రావాలి.”

ఆయన సంచిలోంచి పానా తీసి, వాల్వు బిగించి, కుళాయి తల ఊడదీసి జేబులో వేసుకున్నారు.

గంటలోపే సైటులో ఫొటో వచ్చింది: ‘బడి కుళాయి ఎత్తుకెళ్ళిన ముసలాయన’. దాన్ని అందరూ మొదటినుంచి చివరిదాకా చదివారు, ఫొటో పెద్దది చేసుకుని మరీ చూశారు. పసిపిల్లలకు నీళ్ళు దక్కకుండా చేసిన పాపాత్ముడన్నారు. అర్జీకి కదలని ఆఫీసు మధ్యాహ్నానికల్లా కదిలింది. ఇంజనీరు స్వయంగా వచ్చి కొత్త కుళాయి బిగించి, వాల్వు తిప్పి, ధారగా వస్తున్నాయో లేదో చూసి వెళ్ళాడు.

ఆ వార్త కింద మూడు వందల వ్యాఖ్యలు వచ్చాయి. సంఘం సభ్యులూ రాశారు. ఈసారి ఎవరి చుట్టమో ఒక్కరూ ప్రకటించలేదు.

నేను రాద్దామనే కూర్చున్నాను. ‘ఈయన మా చిన్నమామగారు. ఆ వ్యాసం నేను చదివాను’ అన్నంతవరకూ వచ్చింది. వీధిలో అందరూ చూస్తారే అనిపించి తుడిచేశాను.

మీరైతే రాసి ఉండేవారే. మీరు దేన్నయినా చివరిదాకా చదివిగాని నొక్కరు కదా.