పిచ్చుక తల ఊపింది

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా సహాయ కేంద్రానికి వెళ్లడం, పాప ఫారం ఇచ్చి రసీదు తీసుకోవడం, పన్నెండుకల్లా పాపను ఇంట్లో దింపి, షాపులో సగంలో ఆగిపోయిన ట్రంకు పెట్టెకు మూత బిగించడం. అంతే. రేకుల పెట్టెలు చేసి అమ్మే ఆ మనిషికి మాత్రం అదే కొండంత పనిలా ఉంది. పెళ్లయిన పదేళ్లలో ఆఫీసు పని మీద ఒక్కడూ బయల్దేరడం అదే మొదటిసారి. అలాంటివన్నీ భార్య చూసుకునేది. కానీ ఆవిడ కుట్టే యూనిఫాంల ఆర్డరు ఆ రోజే అప్పజెప్పాలి. ఫారాలకు కూడా ఆ రోజే ఆఖరు.

"ఇదిగో, ఫారం. ఇది డాక్టరు చీటీ. ఇది పుట్టిన తేదీ కాగితం. అన్నీ ఈ కవర్లోనే పెడుతున్నా. పేర్లవీ అక్కడ కూర్చుని నింపండి. కాస్త చదివి నింపండి" అంది భార్య, నోట్లో గుండుసూది తియ్యకుండానే.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు అతను. ఆవిడ కవరు అతని చేతిలో పెట్టి మళ్లీ కుట్టుకు కూర్చుంది.

పాపను ఇంట్లో పిచ్చుక అంటారు. ఏడేళ్లు. మూడో ఏట వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ రెండు చెవుల్లో వినికిడిని పట్టుకుపోయింది. అప్పటినుంచి ఇంట్లో ముగ్గురూ చేతులతోనే ఏవో సైగలు కల్పించుకుని సంసారం నెట్టుకొస్తున్నారు. సూదిలో దారం ఎక్కించినట్టు చూపిస్తే అమ్మ, పిడికిలితో అరచేతి మీద కొడితే నాన్న. ఇంటి వరకు అవి చాలు. బడికి చాలవు. రెండో తరగతి టీచరు మంచిదే. "మాకు పాపని చేర్చుకోవాలనే ఉందండీ. కానీ సైగల భాష నేర్పేవాళ్లు మా దగ్గర లేరు. సహాయ కేంద్రంలో పేరు రాయిస్తే వారానికి రెండుసార్లు వాళ్లే మనిషిని పంపిస్తారట" అంది. ఆ కేంద్రం ఎక్కడుందో ఆవిడకూ తెలియదు. ఆస్పత్రిలో అడిగితే బడిలో అడగమన్నారు. బడిలో అడిగితే ఆస్పత్రిలో అడగమన్నారు. నాలుగు నెలలు అలా తిరిగాక, యూనిఫాం కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒక పిల్ల తల్లి మాటల్లో చెబితే దారి తెలిసింది. ఈ రోజు తప్పితే మళ్లీ ఏడాది దాకా ఆగాలి.

కేంద్రం హాలులో బెంచీల నిండా జనం. పైన మూడు ఫ్యాన్లు, మూడూ గోల చేసేవే. పదిహేడో నంబరు టోకెను తీసుకుని, పాపను పక్కన కూర్చోబెట్టుకుని, అతను ఫారం విప్పాడు. మొదటి గడిలో 'దరఖాస్తుదారు పేరు' అని ఉంది. దరఖాస్తు ఇచ్చేది తనే కదా అని తన పేరు రాశాడు. 'సమస్య' అన్నచోట 'వినబడదు' అని రాశాడు. 'వెంట ఉండే సహాయకులు' అని ఇంకో గడి కనిపించింది. వెంట ఉన్నది పిచ్చుకే కాబట్టి పాప పేరు రాశాడు. మొత్తం ఒకసారి చదువుకుని, ఇంత తేలికైన పనికి భార్య ఎందుకు అంత హడావుడి చేస్తుందో అనుకున్నాడు.

కౌంటరులో ఉన్నావిడ పదిహేడో నంబరును మూడుసార్లు పిలిచింది. అతను ఫ్యాన్ల వంక చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆవిడ నంబరు రాసిన అట్ట పైకెత్తి ఊపింది. అది చూసి పిచ్చుక తండ్రి చొక్కా పట్టుకుని లాగి కౌంటరు వైపు చూపించింది.

"మూడుసార్లు పిలిచానండీ" అంది కౌంటరావిడ.

"ఏంటీ?" అన్నాడు అతను.

ఆవిడ ఫారం చూసింది. అతన్ని చూసింది. అతని చెయ్యి పట్టుకుని నిలబడ్డ పాపను చూసింది. అంతా అర్థమైపోయినట్టు గొంతు పెంచి, "డాక్టరు చీటీ! జిరాక్సు! రెండు కాపీలు!" అని ఒక్కో మాటా విడదీసి అరిచింది. హాలంతా ఇటు తిరిగింది.

"అరవడం ఎందుకండీ, వినబడుతోంది" అన్నాడు అతను నొచ్చుకుని.

"పాపం, బయటపడటానికి మొహమాటం" అంది ఆవిడ వెనకాల ఉన్న మనిషితో.

జిరాక్సు షాపు రోడ్డుకు అవతల ఉంది. పాపకు కూర్చోమని సైగ చేసి అతను కవరు పట్టుకుని వెళ్లాడు. అక్కడ ముందున్న మనిషి ఒక లావుపాటి పుస్తకం మొత్తం కాపీ తీయిస్తున్నాడు. ఆ ముప్పావు గంటలో కేంద్రంలో ఏం జరిగిందో అతనికి తర్వాత తెలిసింది.

కౌంటరావిడ మనసు వెన్న. అంత చిన్నపిల్ల తండ్రికి చెవులై తిరుగుతోందని గుండె నీరైపోయి, టోకెన్లు కాసేపు ఆపి, బిస్కట్ల పొట్లం పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చింది. పాప ముందు వంగింది.

"నాన్నకి పుట్టినప్పటినుంచీ ఇంతేనా అమ్మా?"

పెద్దవాళ్లు మొహంలో మొహం పెట్టి పెదాలు కదిపితే తల ఊపాలని పిచ్చుక ఎప్పుడో కనిపెట్టింది. ఊపితే వాళ్లు సంతోషిస్తారు, తొందరగా వెళ్లిపోతారు. తల ఊపింది.

"బజారు పనులన్నీ నువ్వేనా?" ఊపింది.

"నాన్నకి కోపమొస్తుందా?" ఊపింది.

"మరి... అమ్మ లేదా తల్లీ?"

ఆవిడ కళ్లలో నీళ్లు చూసి పిచ్చుక ఇంకాస్త గట్టిగా ఊపింది.

అతను తిరిగొచ్చేసరికి ఫైలు కట్టేసి ఉంది. మీద ఎర్ర సిరాతో 'అత్యవసరం' అని రాసి ఉంది.

"మీ ఫైలు అన్నిటికన్నా పైన పెట్టాను. తల్లి లేని పిల్ల మీద అంత భారం వెయ్యడం మంచిది కాదండీ" అంది కౌంటరావిడ, ఇంకా గట్టిగానే.

"తల్లి లేకపోవడం ఏంటండీ? పొద్దున్నే నాకు ఈ కవరు ఇచ్చి పంపింది ఆవిడే!"

ఆవిడ జాలిగా చూసి, ఫైల్లో 'ఇంకా తేరుకోలేదు' అని రాసింది.

"చెవులు వినబడనిది నాకు కాదండీ! పాపకి!"

"పాపకా? ఇందాక ఎంతసేపు మాట్లాడాననుకున్నారు! అడిగినవాటన్నిటికీ టకటకా జవాబులు చెప్పింది."

"అది అందరికీ అలాగే చెబుతుంది!" అతని గొంతు తారస్థాయికి వెళ్లింది. అప్పటిదాకా ఊరుకున్న జనం మళ్లీ తిరిగి చూశారు. "వినబడనివాళ్లు అలాగే గట్టిగా మాట్లాడతారు. వాళ్ల తప్పు కాదు" అని కౌంటరావిడ అందరికీ నచ్చజెప్పింది. తర్వాత డాక్టరు చీటీలో పేరు చూసి పెదవి విరిచింది. "ఇందులో పేరు వేరే ఉంది. చెల్లదు."

"అది పాప పేరు! ఫారంలో నేనే తప్పు రాశాను. కొట్టేసి రాయండి, మీకు పుణ్యముంటుంది."

"నేను కొట్టేయకూడదండీ. కొత్త ఫారాలా, అయిపోయాయి. ఒక్కటే దారి. పక్కగదిలో పరీక్ష చేయించుకోండి. మీకు బాగా వినబడుతుందని డాక్టరమ్మ రాసిస్తే, పొరపాటు అని రాసి పాప పేరుకి మార్చేస్తాను."

అతనికి ప్రాణం లేచొచ్చింది. వినబడుతుందని తేల్చుకోవడం ఎంతసేపు! పరీక్షకు ఉరికాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతిలో ఒక మీట పెట్టారు. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. అతను బొటనవేలు మీట మీద సిద్ధంగా పెట్టుకుని, ఒళ్లంతా చెవి చేసుకుని కూర్చున్నాడు. కొన్నిసార్లు నొక్కాడు. మధ్యలో చాలాసేపు ఏమీ రాలేదు. డాక్టరమ్మ కాఫీకి వెళ్లిందేమోనని తొంగి చూశాడు. ఆవిడ అక్కడే ఉంది, మీటలు తిప్పుతూ.

"ఎన్ని మార్కులు వచ్చాయండీ?" అన్నాడు బయటికొచ్చి.

డాక్టరమ్మ గీతలున్న కాగితం అతని వైపు తిప్పింది. "ఎడమ చెవి ఫరవాలేదు. కుడి చెవి సగానికి పైగా పోయింది. ఏం పని చేస్తారు?"

"రేకుల పెట్టెలు."

"ఎన్నేళ్లనుంచి కొడుతున్నారు?"

"ఇరవై."

"మీకు చెవి మిషను తప్పకుండా పెట్టాలి" అంది ఆవిడ. కౌంటరావిడ ఆ కాగితం చూసి, "నేను చెప్పలేదూ!" అని తృప్తిగా ఫైల్లో పెట్టి ముద్ర కొట్టింది.

అతను వరండాలో మెట్టు మీద కూలబడ్డాడు. చెవి పోయినందుకు కాదు. అది ఎప్పుడు పోయిందో కూడా అతనికి తెలియదు. నాలుగు నెలలు తిరిగి సంపాదించిన చోటు, ఏడేళ్ల పిల్లది, తను కూర్చుని ఆక్రమించుకున్నాడు. ఇంటికెళ్లి భార్యకు ఏమని చెప్పాలి? బెంచీ వైపు చూశాడు. పిచ్చుక లేదు.

హాలంతా పరుగెత్తాడు. చివర కిటికీ పక్కన, పొద్దుటినుంచీ బొమ్మల అట్టలు కత్తిరిస్తూ కూర్చున్న ఒకావిడ దగ్గర పాప కనిపించింది. ఇద్దరూ మోకాళ్లు ఆనించుకుని కూర్చున్నారు. నాలుగు చేతులూ గాల్లో ఎగురుతున్నాయి. పిచ్చుక అలా నవ్వడం అతను బయట ఎక్కడా చూడలేదు. తండ్రిని చూడగానే పాప అరచేతి మీద పిడికిలితో కొట్టి చూపించింది. ఆవిడ తల ఊపి, నాన్నకు అసలు సైగ ఏమిటో చేసి చూపించింది. పిచ్చుక వెంటనే అదీ చేసింది.

"అమ్మా, ఈ పాప..." అని అతను మొదలుపెట్టాడు. ఆవిడ తన చెవి ముట్టుకుని, వినబడదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపి, పలక తీసి రాసి ఇచ్చింది.

'నేను సైగల టీచర్ని. గంటనుంచి మీ పాపా నేనూ కబుర్లు చెప్పుకుంటున్నాం. అమ్మ బట్టలు కుడుతుందట. మీరు రేకులు కొడతారట. నిన్న పాలు ఒలకబోసింది మీరేనట, పాప కాదట.'

అతను చదివి నేల చూపులు చూశాడు. ఆవిడ తుడిచి మళ్లీ రాసింది.

'పిల్లల క్లాసులకు కౌంటరులో ఫారం అక్కర్లేదు. గుమ్మం పక్క బోర్డు మీద రాసే ఉంది. ఎవరూ చదవరు. పాప పేరు నా రిజిస్టరులో ఎక్కించాను. బడికి సోమవారం వస్తాను. ఇక్కడ సంతకం పెట్టండి.'

అతను సంతకం పెట్టాడు. తొందరలో అది ఇంకెవరి సంతకంలాగో వచ్చింది. గొడవేమిటో చూద్దామని వచ్చిన కౌంటరావిడ, పలకనూ పాపనూ మార్చి మార్చి చూసి నుదురు కొట్టుకుంది. "అయ్యో రాత! మరి అన్నిటికీ తల ఊపిందిగా!"

"మరి నా ఫైలు రద్దు చేస్తారా?" అన్నాడు అతను.

"ఎలా చేస్తానండీ, పరీక్షలో తేలిపోయాక? మీకు మిషను వస్తుంది. పాపతో పాటు శనివారం ఇక్కడ జరిగే సైగల క్లాసులకి మీరూ రావాలి. అది రూలు. ఇంకోటి, ఫైల్లో భార్య లేదని రాసేశాను. ఆవిడ వచ్చి ఉన్నానని చెప్పాలి."

మర్నాడు భార్య కుట్టుమిషను ఆపి, కేంద్రానికి వెళ్లి, తాను ఉన్నట్టు రెండుచోట్ల సంతకం పెట్టి వచ్చింది. ఇంటికొచ్చాక మొహం చీరచెంగులో దాచుకుని నవ్వడం మొదలుపెట్టి, పిచ్చుక వచ్చి చెంగు లాగేదాకా ఆపలేదు.

నెల తిరిగేసరికి సైగల టీచరు నుంచి ఇంటికి ప్రోగ్రెస్ కార్డులు రెండు వచ్చాయి. పాప కార్డులో 'నూట నలభై సైగలు వచ్చాయి, చాలా చురుకు' అని ఉంది. తండ్రి కార్డులో ఒక్క వాక్యమే ఉంది: 'క్లాసులో మాట్లాడుతున్నారు.'