ఆండాళు డబ్బాలో తడి పైసలు

"ఒరేయ్ దశరథా, రాసిపెట్టుకో! ఈ సూర్యాపేటలో నేరం చేసి నా కళ్ళుగప్పి పోయే మొనగాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా మన సినిమా హాలు గేటు దాటలేడు!"

ఈ గర్జన ఉపేందర్‌ది. కోదాడ నుంచి వచ్చి మా ఊరి సినిమా హాల్లో టికెట్లు చింపే ఉద్యోగం చేస్తున్నాడు. పగలంతా ఖాళీ. ఆ ఖాళీలో డిటెక్టివ్ నవలలు కిరాయికి తెచ్చి చదివి, తన పేరు ముందు తనే డిటెక్టివ్ అని తగిలించుకున్నాడు. ఇంతవరకు పట్టుకున్నది ఒక్కణ్ణే. టికెట్ లేకుండా లోపలికి పోతున్న హాలు ఓనరు బావమరిదిని. దానికి పదిహేను రోజుల జీతం పోయింది.

అలాంటివాడి దగ్గరికి ఎందుకు పోయానంటారా? గతిలేక. అది 1966 ఎండాకాలం. నేను మార్కెట్లో రామచంద్రయ్య సేటు అడ్తి దుకాణంలో గుమస్తాను. రైతుల ధాన్యం అమ్మిపెట్టి కమీషను తీసుకునే దుకాణం. సేటు తన ఏడేళ్ళ మనవరాలు ఆండాళుకు పైసల విలువ నేర్పాలని ఒక రేకు డబ్బా ఇచ్చి, ఖాళీ గోనెసంచులు మడతపెడితే వారానికి పావలా జీతమన్నాడు. నెల తిరిగేసరికి డబ్బాలో రూపాయి ఉండాలి. మూత తీస్తే తొమ్మిది రూపాయల చిల్లర!

పిల్లను అడిగితే "సంపాదించిన" అంటుంది. ఎట్లా అంటే, "యాపారం గుట్టు బయట చెప్పొద్దని తాతే అన్నడు" అంటుంది. హమాలీలకిచ్చే చిల్లర పెట్టె తాళం ఉండేది నా దగ్గర. సేటు నావంక అదోలా చూశాడు.

"దశరథా, నిన్ను అంటలేను. కానీ శనివారం లోపల సంగతి తేలకుంటే తాళంచెవులు గీడ పెట్టి పో."

నాకు ముగ్గురు పిల్లలు. అన్నం కూడా తినకుండా సినిమా హాలుకు ఉరికాను.

ఉపేందర్ వచ్చి డబ్బాలోంచి ఒక పైసా తీసి కొరికాడు. పన్ను కదిలింది.

"తడి!" అని కేకేశాడు. "పైసలు తడిగా ఉన్నాయి చూశావా? ఇది నది దాటొచ్చిన సొమ్మురా! వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుందే, అక్కడ పడవల మీద దొంగనాణేల ముఠా దిగుతోంది!"

"ఒక్క దొంగపైస చెయ్యాలంటే రెండు పైసల ఖర్చయితది గదరా?"

"అదే మరి! ఎవరికీ అనుమానం రాకూడదని నష్టానికి చేస్తున్నారు. ఎంత కిరాతకులో!"

నా ఖర్చుతో మిర్యాలగూడ మీదుగా వాడపల్లి పోయాం. ఒడ్డున దుప్పటి ఉతుకుతున్న ఒకావిడ దగ్గరికి పోయి, "ముఠా నాయకురాలివి నువ్వేనా?" అని అడిగాడు. ఆమె ఆ దుప్పటితోనే నాలుగు వడ్డించింది.

"తడి సాక్ష్యం బలపడింది," అన్నాడు వీపు రుద్దుకుంటూ.

శనివారం రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఉపేందర్ రైతు వేషం కట్టి మార్కెట్ గేటు దగ్గర మాటేశాడు. మే నెలలో నల్ల గొంగడి, నాటకాలవాళ్ళ గడ్డం!

"పావుగంటలో నేరస్థుడు నా కాళ్ళ దగ్గర పడతాడు," అన్నాడు.

పావుగంటలో తనే పడ్డాడు, వడదెబ్బకు. పడింది సేటు ధర్మానికి పెట్టించిన చలివేంద్రం ముందు.

"జల్ది నీళ్ళు!" అంటూ ఉరికాను. నీళ్ళు పోసే సోమమ్మ అన్నానికి పోయింది. కుండల వెనక నుంచి ఆండాళు తల పైకి లేచింది. చేతిలో ఇత్తడి గ్లాసు.

"పైస తియ్యి మామా."

"ఏం పైసే?"

"గ్లాసు కిరాయి. దోసిట్ల తాగితే ఉత్తగనే. గ్లాసుల అయితే పైస."

"మనిషి సచ్చిపోతున్నడే!"

"సచ్చినంక ఎవరిస్తరు? ముందే తియ్యి."

అంతలో ఒక రైతు పైసా ఇచ్చి గ్లాసు అందుకున్నాడు. ఆండాళు ఆ పైసాను మురికి పోయేలా నీళ్ళలో కడిగి పక్కన పెట్టుకుంది. నాకు దిమ్మ తిరిగింది. గొడవ విని వచ్చిన సేటుకు అంతకన్నా ఎక్కువ తిరిగింది.

"ఓరి దేవుడా! నా చలివేంద్రంల నీళ్ళమ్ముతున్నవా?"

"నీళ్ళు అమ్ముతలేను తాతా. నీళ్ళ పుణ్యం నీకే వస్తది. గ్లాసు కిరాయే నాది."

నలభై ఏళ్ళుగా బేరాలు చేసిన మనిషి పిల్ల పక్కన కూలబడ్డాడు.

"గొంతెండి దూప అయిన మనిషి బేరం చెయ్యలేడు బిడ్డా. గసొంటోని దగ్గర తీసుకున్నది సంపాదన కాదు. ఆ తొమ్మిది రూపాయలకు బెల్లం తెప్పిస్త. నీళ్ళతోని నీ చేత్తోనే అందరికి పెట్టాలె."

"ఎన్మిదే తాతా," అంది ఆండాళు వెక్కుతూ. "రూపాయి నా జీతం."

నాకు ప్రాణం లేచొచ్చింది. దోసిట్లో నీళ్ళు తెచ్చి ఉపేందర్ ముఖాన కొట్టాను. గడ్డం చెవికి వేలాడుతుండగా లేచి కూర్చున్నాడు.

"చూశారా? పడిపోవడం కూడా నా పథకమే!"

అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. సేటు నా భుజం మీద చెయ్యేశాడు. "తప్పు పట్టిన దశరథా. మనసుల పెట్టుకోకు."

"ఉత్త మాటలతోని అయితదా తాతా?" అంది ఆండాళు ముక్కు తుడుచుకుంటూ. "పాపం, మామ ఎంత పరేషాన్ అయిండు! జీతం పెంచు."

చుట్టూ రైతులు వింటున్నారు. సేటుకు నెలకు అయిదు రూపాయలు పెంచక తప్పలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత మంచి పిల్లను ముఠాలో చేర్చామే అనుకున్నాను.

సేటు అటు తిరిగాడో లేదో, ఆండాళు నా చొక్కా పట్టి లాగింది.

"పెంచిచ్చిన గద మామా. నా కమీషన్?"

రూపాయితో మొదలుపెట్టింది. దుకాణం మెట్లెక్కేలోపు పావలాకు తెగింది, నెలనెలా.