కాలికి పౌడరు

మనిషి ఒంట్లో ఏ క్రిమి కాపురం పెట్టిందో తేల్చే అధికారం ఇకపై రోగికి గాని, డాక్టరుకు గాని, ఆ క్రిమికి గాని లేదు. ఫోనుకు మాత్రమే ఉంది. ఈ సంగతి తెలుసు కాబట్టే ఆ సోమవారం మా చెల్లెలు నాగక్కను కోసిగి ఆసుపత్రికి తీసుకుపోతూ సంచి జాగ్రత్తగా సర్దాను. ఆధార్ కార్డు, షుగరు మాత్రలు, దుప్పటి, పౌడరు డబ్బా. (ఎవరు ఊరికి పోతున్నా సంచిని మూడుసార్లు విప్పి సర్దుతాను. భయం.)

నాగక్క మడమ పగిలి పాదం ఎర్రగా వాచింది. ముట్టుకుంటే పెనమే. పైగా చలిజ్వరం.

"ఫోటో తీస్తారంట. మొగానికి పౌడరేసుకో" అన్నాను.

"మొగానికేంటికక్కా? తీసేది కాలు గదా."

న్యాయమే. మా ఊళ్లో పౌడరు లేకుండా ఎవరూ ఫోటో దిగరు. కాలికి నేనే దట్టంగా అద్దాను.

క్రిముల కౌంటరులో నవీన్ అనే ఉద్యోగి ఫోటో తీశాడు. ఫోను అర నిమిషం ఆలోచించి తీర్పు చెప్పింది: తెల్లపొర, ఫంగస్, తొందర లేదు. పూతమందు ట్యూబు ఇచ్చారు.

"అది పౌడరప్పా! తుడుస్తా, మళ్లీ తీయి. ముట్టుకోని చూడు, కాలిపోతాండాది."

"ముట్టుకునేదానికి యాప్‌లో గడి లేదవ్వా. ఒక కాలికి ఒకటే ఫోటో."

"ఇంకో కాలుండాది గదా నాయనా" అంది నాగక్క.

"దాన్ని తీస్తే ఆరోగ్యమని వస్తాది."

జ్వరంలోనూ నాగక్క శానాసేపు నవ్వింది.

మంగళవారం ఎరుపు మోకాలి దాకా పాకింది. మండల క్రిమి గుర్తింపు అధికారి హనుమేష్ గారిని కలిశాం. మర్యాదస్తుడు, కుర్చీ వేయించారు. కాలిలో నమోదైన ఫంగస్‌ను తీసేసి బ్యాక్టీరియాను చేర్చాలంటే, ఫంగస్ ఖాళీ చేసినట్టు ధ్రువపత్రం కావాలన్నారు. ట్యూబు మందు ఏడు రోజులు పూస్తే అదే వస్తుందట.

"అంతలోపల తొడకెక్కితేనో సామీ?"

"తొడ వేరే అవయవమమ్మా. కొత్త దరఖాస్తు పెట్టుకోవచ్చు" అని ధైర్యం చెప్పారు.

బుధవారం ఆ అర్హత వచ్చింది. పౌడరు లేని తొడను ఫోను వెంటనే గుర్తించింది: బ్యాక్టీరియా, అత్యవసరం. (యంత్రం తప్పు చెప్పదు.) కర్నూలుకు అంబులెన్సు పిలిచారు. తోడుగా నాగక్క కొడుకు వీరేష్ ఎక్కాడు. ఇద్దరికి చోటు లేదన్నారు. నేను సంచి మళ్లీ సర్ది, పౌడరు డబ్బా తీసేశాను.

"డబ్బా యాడక్కా?"

"వచ్చినాక వేసుకుందువులే."

ఏడు రోజులు నిండాక, ఫంగస్ ఖాళీ చేసిందని ధ్రువపత్రం ఫోనుకు వచ్చింది. నాగక్క కర్నూలు నుంచి తిరిగి రాలేదు. అంబులెన్సు ఎక్కిన మరునాడే పోయింది: 2023 జూలై 20, గురువారం.