సుగుణమ్మ తోమిన హిమాలయాలు

ఆ జనవరి శనివారం పొద్దున్న ప్రకాశరావు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఇంట్లో పెళ్ళిరోజు కృతజ్ఞత కూడిక. ముప్ఫయ్యేళ్ళు నిండాయి. సుగుణమ్మ కొత్త చీర కట్టుకుని, ఆయన కొన్న టిబెట్ వెండి హారం మెడలో వేసుకుంటుంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. అందరూ ఆమెన్ అన్నాక మాస్టారు లేచి, మే నెలలో భార్యాభర్తలిద్దరూ డార్జిలింగు వెళ్తున్నట్టు చెబుతారు. అంతమందిలో చెబితే సుగుణమ్మ కాదనలేదు.

మాస్టారు ముమ్మిడివరం చుట్టుపక్కల బళ్ళలో ముప్ఫై నాలుగేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పారు. నల్లబల్ల మీద హిమాలయాలు ఎన్నిసార్లు గీశారో లెక్కలేదు. కళ్ళారా చూసిన ఎత్తయిన కొండ మాత్రం రోడ్డు పక్క కొబ్బరి డొక్కల గుట్ట. "కొండలకేం వెళ్తామండీ, నా మోకాళ్ళు మేడమెట్లకే ఒప్పుకోవట్లేదు," అంటూ సుగుణమ్మ ఏటేటా ఆ ప్రయాణాన్ని దాటేస్తూ వచ్చింది. ఆయన ఒక్కరే వెళ్ళొచ్చు. కానీ పక్కన ఆవిడ లేకపోతే ఆ మంచు ఎవరికి చూపిస్తారు? మెడలో కాస్త కొండ వేలాడితే అయినా ఆవిడకి మనసు మళ్ళుతుందేమోనని ఆయన ఆశ.

హారం రాజమండ్రిలో దొరికింది. చలికాలంలో స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెట్ వాళ్ళలో ఒకావిడ, ఏళ్ళ తరబడి వస్తూ తెలుగు నేర్చుకున్న మనిషి, ఏదీ దాచకుండా చెప్పింది. "పేరుకే వెండి సార్. లోపల రాగి, తగరం ఎక్కువ. కొందరికి మెడ దురద వస్తది. నలుపు తియ్యొద్దు, అది కావాలని పెట్టిందే. నీళ్ళు వద్దు, సెంటు వద్దు. పొడి గుడ్డతో తుడిస్తే చాలు."

మాస్టారు సగమే విన్నారు. ఆయన చూపంతా హారానికున్న బిళ్ళ మీద ఉంది. పైకి తేలిన చోట తెల్లటి శిఖరాలు, పల్లాల్లో నల్లటి లోయలు, నడుమ నీలంరాయి అచ్చం మానససరోవరం. ఇంటికొచ్చి సుగుణమ్మ చేతిలో పెట్టి "టిబెట్ వెండి" అన్నారు. మిగతా సంగతులు తీరిగ్గా చెబుదామనుకున్నారు. కలలు కనే మనిషికి తీరిక ఎప్పుడూ ఉంటుంది, చెప్పడమే ఉండదు.

మధ్యాహ్నం భోజనం చేసి వరండాలో పడక్కుర్చీలో వాలారు. కాలవ మీంచి గాలి చల్లగా వస్తోంది. కళ్ళు మూసుకోగానే కొండలు వచ్చేశాయి. మంచు మెల్లగా రాలుతోంది. గులకరాళ్ళ మీద జడలబర్రెలు సరసర, సరసర నడుస్తున్నాయి. ఎక్కడో సెలయేరు పారుతోంది. పుల్లటి వాసన కూడా వచ్చింది. అక్కడేవో అడవిపళ్ళు పండాయి కాబోలు అనుకుంటూ మాస్టారు ఇంకాస్త పైకి ఎక్కారు.

ఆ జడలబర్రెలు నిజానికి పెరట్లో నూతిగట్టు మీద ఉన్నాయి. సుగుణమ్మ కొబ్బరిపీచూ చింతపండూ పెట్టి హారం తోముతోంది.

"ఎవరో పాతికేళ్ళు వేసుకుని ఒక్కసారీ కడగలేదు స్టెల్లా. పాపం, మీ అన్నయ్య చూసుకోలేదు. పదిమందిలో ఈ మురికితో ఎలా కూచుంటాను?" అంది.

స్టెల్లా మాస్టారి చెల్లెలు. ఏ కష్టానికైనా ఫోనులో ఓ చిట్కా దొరుకుతుందని గట్టిగా నమ్మే మనిషి.

నలుపు పోయింది. సుగుణమ్మ సంబరపడి ఇంకాస్త తోమింది. తెలుపూ పోయింది. కింద నుంచి ఎర్రగా రాగి తేలింది.

"వెండంతా కడిగేసేనే," అంటూ సుగుణమ్మ మెట్టు మీద కూలబడింది.

"కంగారు పడకు వదినా. వేడినీళ్ళలో సోడా వేసి నానబెడితే వెండి తిరిగొస్తుందంట."

వెండి రాలేదు. రాయిలోంచి నీలం వచ్చింది. గిన్నెలో నీళ్ళు ఆకాశంలా మెరిశాయి, రాయి తెల్లగా పాలిపోయింది. ఆ రాయికి రంగు వేశారని టిబెట్ ఆవిడ చెప్పిందో లేదో మాస్టారికి తెలీదు. ఆవిడ చెబుతున్నప్పుడు ఆయన బిళ్ళలోని సరోవరం ఒడ్డున ఉన్నారు.

స్టెల్లా హారాన్ని రుమాల్లో చుట్టి, వెండి కోటింగు వేయించుకొస్తానని అమలాపురం బయల్దేరింది. అన్నయ్యకి చెప్పకూడదని వదిన ఒట్టు వేయించుకుంది. స్కూటీ చప్పుడుకి మాస్టారు కొండ దిగారు.

"సుగుణా, నీ వేళ్ళు నీలంగా ఉన్నాయేంటి?"

"సిరా అండీ."

ఆ ఇంట్లో సిరాబుడ్డి కనబడి పదేళ్ళయింది. మాస్టారికి అది తట్టలేదు.

"సాయంత్రం హారం వేసుకుంటావుగా?"

"ఈవేళ వద్దండీ. మెడ దురదగా ఉంది."

మాస్టారు అంతా అర్థమైందనుకున్నారు. దురద అన్నది టిబెట్ ఆవిడ మాటే. అంటే సుగుణమ్మ వేసి చూసుకుంది. వెండి కాదని తెలిసిపోయింది. మొగుడి పరువు తీయడం ఇష్టంలేక మెడ మీద పెట్టి చెబుతోంది. ముప్ఫయ్యేళ్ళ కాపురానికి రాగీ తగరమూ ఇచ్చి వెండి అన్నవాడితో డార్జిలింగు ఎవరు వస్తారు? ఆయనకి నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రందాకా ఆయన ఆమె ముఖం చూడలేదు, ఆమె ఆయన ముఖం చూడలేదు. ముప్ఫయ్యేళ్ళయినా ఎంత సిగ్గో అని కూడికకి వచ్చినవాళ్ళు ముచ్చటపడ్డారు.

పాస్టరు జ్ఞానప్రకాశంగారు, హారం సంగతి ముందే విని ఉన్నారు కనక, వెండిని కొలిమిలో శుద్ధి చేయడం గురించి ప్రసంగించారు. వెండి అన్న ప్రతిసారీ దంపతులిద్దరూ కుర్చీల్లో ఇటూ అటూ కదిలారు. చివర్న ఆయన, "ఎవరైనా సాక్ష్యం చెప్తారాండి?" అన్నారు. ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"అది వెండి కాదండి," అన్నారు మాస్టారు.

"అందులో వెండంతా నేను తోమేసేనండి," అంది సుగుణమ్మ.

పాటల పుస్తకాలు తిరగేస్తున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. "ఒక్కొక్కళ్ళు చెప్పండమ్మా," అన్నారు పాస్టరుగారు. ఒక్కొక్కళ్ళుగా చెప్పారు. చింతపండు దగ్గర ఆడవాళ్ళంతా సుగుణమ్మ పక్షాన తలలూపారు. అంతలో స్టెల్లా రొప్పుతూ వచ్చి, తళతళలాడే హారం అన్నయ్య చేతిలో పెట్టింది.

"ఇదివరకు ఇందులో వెండి జాడే లేదంట అన్నయ్యా. ఇవాళే తగిలిందని కొట్టాయన చెప్పేడు."

మాస్టారు బిళ్ళని దీపం కిందకి తిప్పి చూశారు. శిఖరమూ లోయా ఒకటే తెలుపు. సరోవరం కూడా గడ్డకట్టింది.

"మంచు బాగా పడింది," అన్నారు మెల్లగా.

"ఏం మంచండీ?"

అప్పుడు చెప్పారు, ఆ నలుపు లోయలనీ, ఆ రాయి సరస్సనీ, మే నెలలో ఆవిడకి వాటిని చూపిద్దామనుకున్నాననీ. సుగుణమ్మ నీలం వేళ్ళతో బిళ్ళని తడుముతూ విన్నది.

"లోయలని ముందే చెప్పొచ్చు కదండీ. నేను మురికనుకున్నాను," అంది. మళ్ళీ తనే, "కొండలెలా ఉంటాయో నాకేం తెలుసు. మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని వస్తాను, ఓసారి చూపించండి," అంది.

"ఆయ్," అన్నారు మాస్టారు.

మే నెలలో పెట్టె సర్దేటప్పుడు మాస్టారు హారం తుడవడానికి మెత్తటి పొడి గుడ్డ ఒకటి పెట్టారు. సుగుణమ్మ దాని పక్కనే, ఎందుకైనా మంచిదని, కాస్త చింతపండు కూడా పెట్టింది.