మా అల్లుడు తల్లయిన వైనం

మనసు డాక్టరు దొరక్కపోవడాన్ని మించిన అదృష్టం లోకంలో ఉందా? లేదంటాను! దొరికాడా, జబ్బుందని చెబుతాడు. దొరక్కపోతే అందరం ఆరోగ్యవంతులమే కదా!

మా పేట సంగతే చూడండి. ఇరవై వేల జనాభా. ఆరోగ్య కేంద్రం రికార్డుల్లో గర్భిణులు, బాలింతల మానసిక సమస్యలు: సున్నా. ఇంత సంతోషంగా కాన్పులయ్యే చోటు భూమ్మీద మరొకటి ఉంటే చూపించండి, ఈ కలం పారేస్తాను!

ఈ సున్నా వెనకున్న కృషిని నేను కళ్ళారా చూశాను. అప్పటికి మా అమ్మాయికి కాన్పయి నలభై రోజులైంది. బిడ్డ ఏడిస్తే తనూ ఏడ్చేది. బిడ్డ నవ్వితే గోడవైపు తిరిగేది. "ధైర్యంగా ఉండాలమ్మా" అని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. అయినా తగ్గలేదు. నా ఉపన్యాసానికే లొంగలేదంటే ఇది మామూలు జబ్బు కాదని తేల్చుకుని, అల్లుణ్ణి కూడా వెంటబెట్టుకుని, రెండు బస్సులు మారి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను.

అక్కడికి మనసు డాక్టరు నెలకొక్కసారి, రెండో మంగళవారం వస్తారు. మేం వెళ్ళిన మంగళవారం ఆయన "ప్రజలకు చేరువ కావడం ఎలా?" అనే శిక్షణకు వెళ్ళారు. ఆయన గదిలో విరిగిన ఫ్యాన్లు విశ్రాంతి తీసుకుంటున్నాయి. వాటికైనా ప్రశాంతత దొరికింది, సంతోషం!

గుమస్తా మాత్రం ఉన్నాడు. ఫారం తీసి, హాలు దద్దరిల్లేలా అడిగాడు. "ఏమ్మా! ఏడుపొస్తోందా? బతకాలని ఉందా?"

క్యూలో ఉన్న నలభై మందీ మాటలాపి జవాబు కోసం చెవులు రిక్కించారు. టీకాకని వచ్చిన పసివాడు సైతం ఏడుపాపాడు! మా అమ్మాయి తల వంచుకుని "బానే ఉన్నానండి" అంది. గుమస్తా సున్నా చుట్టాడు. చూశారా, ఎంత చవకైన వైద్యమో!

అప్పుడు సిమెంటు బస్తాలు మోసే మా అల్లుడు నోరు విప్పాడు. "సార్, నాక్కూడా నెలరోజులుగా గుండె దడగా ఉంటోంది. ఊరికే భయమేస్తోంది. బిడ్డని ఎత్తుకుందామంటే చేతులు వణుకుతున్నాయి."

"తండ్రులకి ఫారం లేదయ్యా."

"మరెట్లా సార్?"

గుమస్తాది జాలిగుండె. "పోనీ, తల్లి అని రాసెయ్యనా?"

రాసేశాడు! యాభై కిలోల బస్తాని అవలీలగా భుజానికెత్తే మా అల్లుడు అలా ప్రభుత్వ లెక్కల్లో బాలింత అయ్యాడు. ఐరన్ మాత్రలిచ్చారు. ప్రతి బుధవారం పాలిచ్చే తల్లుల క్లాసుకి రమ్మని ఫోనుకి మెసేజీలు మొదలయ్యాయి. రాకపోతే పేరు కొట్టేస్తారట!

వెళ్ళాడు పాపం. పెళ్ళాన్ని తోడు తీసుకుని మరీ వెళ్ళాడు. నర్సమ్మ కార్డు చూసింది, మనిషిని చూసింది, నవ్వాపుకుంది. తలుపు దగ్గరగా వేసి, "కూర్చోండి, మీ సంగతేంటో చెప్పండి" అంది. చెబుతూ చెబుతూ అతను బావురుమన్నాడు. అంత మనిషే ఏడుస్తుంటే మనకేం సిగ్గని ఇటుకబట్టీలో పనిచేసే బాలింత తన గోడు మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకొకామె. నాలుగో బుధవారానికి మా అమ్మాయి కూడా నాలుగు మాటలు మాట్లాడింది. ఆ వారమే బిడ్డకి తన చేత్తో స్నానం చేయించింది.

ఇంత ఘోరం జరుగుతుంటే ఆఫీసు ఊరుకుంటుందా? అధికారి తనిఖీకి వచ్చాడు. ఆ రోజు నేనూ మనవణ్ణి ఎత్తుకుని గుమ్మం దగ్గరే ఉన్నాను.

"మగాడు తల్లేంటి? ఈ క్లాసు రద్దు! మీ పేటలో మనసు బాగాలేనివాళ్ళు సున్నా. కాబట్టి డాక్టరు పోస్టూ రద్దు!"

ఇటుకబట్టీ బాలింత లేచి నిలబడింది. "ఆ సున్నాలో పన్నెండుమందిమి ఉన్నామండి."

"మరి ఫారంలో చెప్పలేదేం?"

"అంతమందిలో అరిచి అడిగితే ఎవరు చెబుతారండీ? తలుపేసి, మెల్లగా అడిగి చూడండి."

అధికారి చాలాసేపు పెన్ను విదిలించాడు. చివరికి ఇంకు లేదంటూ, రద్దు కాగితం మీద సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయాడు. ఆయన్ని చూసి నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు.

తిరుగు బస్సులో మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. గొంతుదాకా వచ్చిన ఉపన్యాసాన్ని మింగేసి, "నీకేమైందమ్మా?" అని మెల్లగా అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది. మేం దిగాల్సిన స్టాపు దాటి మూడు స్టాపులయింది. కండక్టరు ఒకటే కేకలు! చివరిదాకా టికెట్టు కొట్టమన్నాను.