ఇసుకతిప్ప మీద ఎర్రగుడ్డలు

ఆ ఉదయం దర్జీ అనుకున్న పని చిన్నదే. టీ తాగాలి, నది మధ్య ఇసుకతిప్పకు వెళ్లి పిట్టగుడ్లు చూడాలి, ఆపైన ఆనకట్ట ఎక్కి, గేట్లు కాసే బావగారితో ఒక్క మాట చెప్పాలి: "ఇవాళ నీళ్లు వదలకండి." బావగారు గుర్తు రాగానే ఇంకో కప్పు టీ అడిగాడు.

"మా అన్నయ్యేమన్నా పులా?" అంది భార్య.

"పులైతే చెట్టెక్కొచ్చు."

నదినీ పిట్టలనీ కాపాడే సంఘానికి అతడు నాయకుడు. జీతం లేని పదవి కనుక ఎవరూ పోటీకి రాలేదు. పిట్టలేమో తిప్ప మీద ఇసుకలోనే గుడ్లు పెట్టాయి. మధ్యాహ్నం పొలాల కోసం గేట్లెత్తితే ఒక్కటీ మిగలదు.

తిప్ప చేరాక, వెంట వచ్చిన సంఘంవాళ్లు తొక్కేస్తారేమోనని, దర్జీ ఎర్రగుడ్డ ముక్కలు పుల్లలకు కట్టి గుడ్లున్న ప్రతిచోటా గుచ్చాడు. ఆనకట్ట ఎక్కే పని ఆలస్యమవుతుంది కదా అని, లేనిచోటా గుచ్చాడు.

పైనున్న బావగారికి ఎరుపంటే ఒకటే అర్థం: నదిలో మనుషులు ఆపదలో ఉన్నారు. తిప్ప నిండా ఎరుపు చూసేసరికి ఆయన ఒక్క పరుగు తీశాడు. సైరన్ మోగించాడు.

కిందివాళ్లకు సైరనంటే ఒకటే అర్థం: నీళ్లు వదిలేశారు.

"పరిగెత్తండ్రోయ్!" సంఘమంతా గట్టెక్కింది. దర్జీ కూడా పరిగెత్తాడు, మనసులో. కాళ్లు కదల్లేదు. నీటి హోరు వినిపించింది. అది అతని చెవుల్లోని హోరే.

సంఘంలోని సైకిల్ షాపువాడు దర్జీ ఇంటి ముందు అరిచాడు: "వదినా! నీళ్లొదిలేశారు! మీ ఆయన తిప్ప మీదే ఉండిపోయాడు!"

ఆమె చెప్పుల్లేకుండా ఆనకట్ట మీదికి పరిగెత్తి అన్న కాలరు పట్టుకుంది.

"నా మొగుణ్ణి నీళ్లలో కలిపేశావు కదరా!"

"గేటు ముట్టుకుంటే ఒట్టు!"

"మరి సైరనెందుకు మోగించావు?"

"ఎర్రగుడ్డలు కనబడ్డాయే! అక్కడున్నది బావగారా?" ఆయన ఆమెకన్నా ముందే మెట్లు దిగాడు.

ఇద్దరూ పడుతూ లేస్తూ తిప్పకు వచ్చేసరికి దర్జీ గుడ్లకు అడ్డంగా, చేతులు బార్లా చాపి నిలబడి ఉన్నాడు. పడిపోకుండా పట్టుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని చాపిన చేతులవి. ఆ సంగతి ఎవరికి తెలుసు? గట్టు మీద చప్పట్లు మోగాయి.

బావగారి గొంతు మెత్తబడింది. "పిట్టగుడ్ల కోసం ప్రాణాలిచ్చేస్తారా బావగారూ! పొలాలకు పక్క కాలువలోంచి వదులుతాను. ఈ గేట్లు ఎప్పుడెత్తాలో మీరే చెప్పండి."

దర్జీ చేతులు దించి గుడ్ల వైపు చూశాడు. ఎలాగో అనేశాడు:

"పిల్లలు ఎగిరాక."

అంత గట్టి మాట అతడు ఇంట్లో కూడా ఎన్నడూ అనలేదు.